తలకి నూనె: ఏది, ఎంత, ఎలా రాయాలి, ఎలా వదిలించాలి

"ఏ నూనె రాస్తే మంచిదప్పా", "రాత్రంతా ఉంచాలా", "ఆముదం కలపొచ్చా", "రెండుసార్లు షాంపూ పెట్టినా జిడ్డు పోట్లేదు, ఏటి చెయ్యాలి". ఇచ్ఛాపురం నుంచి ఎస్.కోట దాకా ఎవరు పలకరించినా ఇవే అడుగుతున్నారు, ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పడం కన్నా మొత్తం ఒకచోట రాసి పడేస్తే పని అయిపోద్ది కదా అని రాస్తున్నా.

ముందు ఒక సంగతి తేల్చుకుందాం. నూనె కండిషనర్ పని చేస్తుంది, అంతవరకే. కొత్త జుట్టు మొలిపించదు, బట్టతల మీద పిలకలు రప్పించదు. మాడు దాటి బయటకొచ్చిన వెంట్రుకకి ప్రాణం ఉండదు, నెలకి ఇంచుమించు ఒక సెంటీమీటరు చొప్పున కింద నుంచి నెట్టుకొస్తుంది అంతే. ఆ లెక్కన నడుం దాకా జడ ఉన్నావిడ జుట్టు చివర్లు అయిదారేళ్ళ కిందట పుట్టినవి. అన్నేళ్ళుగా ఎండా, షాంపూ, రబ్బరు బ్యాండు, దువ్వెన దెబ్బలు తిన్నవి అవే, కాబట్టి నూనె కావాల్సింది కూడా వాటికే. మనవాళ్ళేమో గిన్నెడు నూనె నడినెత్తిన పోసి మర్దనా చేసి చివర్లని గాలికొదిలేస్తారు.

ఇంకొక్కటి చెప్పి పనిలోకి వెళ్దాం. కొబ్బరి నూనెలో సగం దాకా లారిక్ ఆమ్లం ఉంటుంది, అది వెంట్రుక లోపలికి దిగగలదు. 2003లో అచ్చయిన ఒక పరిశోధనలో కొబ్బరి నూనె, పొద్దుతిరుగుడు నూనె, మినరల్ ఆయిల్ (పెట్రోలియం నుంచి తీసేది) మూడూ పక్కపక్కన పెట్టి చూస్తే, వెంట్రుక నుంచి ప్రొటీన్ కొట్టుకుపోకుండా ఆపింది కొబ్బరి నూనె ఒక్కటే. మిగతా రెండూ పైపైనే ఉండిపోయాయి. అందుకే తలస్నానానికి ముందు రాయడం అనే పాత పద్ధతి సరైందే.

ఏ నూనె ఎవరికి

కొబ్బరి నూనె: ఎక్కువమందికి ఇదే చాలు. రంగు వేసినవాళ్ళకి, స్ట్రెయిటెనింగ్ చేయించి జుట్టు పీచులా అయినవాళ్ళకి ముందు ఇదే చెప్తా. కొంతమందికి ఇది రాస్తే జుట్టు బిరుసెక్కుతుంది, అలాంటివాళ్ళు నువ్వుల నూనెకి మారిపోండి, నెలల తరబడి పోరాడక్కర్లేదు.

నువ్వుల నూనె: గానుగలో ఆడించింది అయితే మేలు. చలికాలంలో గడ్డకట్టదు, వాసన మాత్రం ఘాటుగా ఉంటుంది, ఆఫీసుకెళ్ళే ముందు రాస్కుంటే పక్కవాళ్ళు అడుగుతారు.

ఆముదం: చిక్కనిది, పైన పూతలాగ ఉండి మెరుపిస్తుంది. ఒక్కటే రాయకండి. నాలుగు చెంచాల కొబ్బరి నూనెకో నువ్వుల నూనెకో ఒక్క చెంచా ఆముదం, అంతకుమించి వద్దు. ఆముదం ఎక్కువగా పట్టించి తలంటుకున్నాక జుట్టు మొత్తం ఒక ముద్దలాగ అట్టకట్టేసి, విడదీయడం కుదరక కత్తిరించేయాల్సి వచ్చిన కేసులు డాక్టర్లు రాసి ఉంచారు, ఊరికే భయపెట్టట్లేదు. ఇంకో మాట, ఆముదం గింజలు పచ్చివి నూరి తలకి పట్టించే చిట్కా ఒకటి తిరుగుతోంది. అస్సలు చెయ్యొద్దు, పచ్చి గింజలో రైసిన్ అనే విషం ఉంటుంది, ఇంట్లో పిల్లలు ఉంటే గింజలు కూడా అందుబాటులో ఉంచకండి.

ఆవ నూనె: ఇచ్ఛాపురం, కంచిలి వైపు ఒడిశా చుట్టరికాలు ఉన్న ఇళ్ళల్లో వాడతారు. అలవాటు లేనివాళ్ళకి మాడు మండుతుంది. వెచ్చగా అనిపించడం వేరు, మంట వేరు, మంట పుడితే వెంటనే కడిగేయండి.

వేప నూనె: ఒక చెంచా కొబ్బరి నూనెలో రెండు మూడు చుక్కలు. ఇది నోట్లోకి వెళ్ళకూడదు, పసిపిల్లలకి తాగిస్తే ప్రాణం మీదకి వస్తుంది, కాబట్టి సీసా మీద పేరు రాసి పైన పెట్టండి.

ఇప్ప నూనె: సీతంపేట, గుమ్మలక్ష్మీపురం, సాలూరు వైపు సంతల్లో దొరికితే తెచ్చుకోండి. కొంచెం చల్లబడితే వెన్నలాగ అవుతుంది, చివర్లకి బాగుంటుంది. దొరక్కపోతే దానికోసం కొండెక్కక్కర్లేదు.

కొట్లో హెయిర్ ఆయిల్ అని అమ్మే సీసాలు కొనేటప్పుడు వెనక అచ్చేసింది చదవండి. ముందుబొమ్మ మీద బాదం, మందారం, ఉసిరి ఉంటాయి, వెనక మొదటి పేరు మాత్రం లైట్ లిక్విడ్ పారాఫిన్ అనో మినరల్ ఆయిల్ అనో ఉంటుంది. అది విషం కాదు, పైన మెరుపిస్తుంది, చిక్కు తగ్గిస్తుంది, కానీ మీరు డబ్బులిచ్చింది బాదం కోసం కదా. వంటకి అమ్మే మామూలు కొబ్బరి నూనె తలకి నిక్షేపంగా పనికొస్తుంది. చిన్న ప్యాకెట్లలో అమ్మే స్వచ్ఛమైన కొబ్బరి నూనెని వంటనూనె కిందే లెక్కగట్టొచ్చని 2024 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు కూడా తేల్చింది. అది పన్నుల గొడవ, కానీ లోపలున్నది ఒకే సరుకని మనకి అర్థమైపోతుంది.

కల్తీ చూడాలంటే గాజు గ్లాసులో కొంచెం కొబ్బరి నూనె పోసి ఫ్రిజ్‌లో ఒక గంట ఉంచండి. మంచిదైతే మొత్తం ఒకేలా తెల్లగా గడ్డకడుతుంది. పైన ఎక్కడైనా ద్రవంగా మిగిలిపోతే వేరే నూనె కలిసిందని అనుమానించొచ్చు. కొద్దిపాటి కల్తీ ఈ పద్ధతిలో బయటపడదు, అది గుర్తుంచుకోండి.

దగ్గర పెట్టుకోవాల్సినవి

పైవాటిలో ఒక నూనె, ఒక టీస్పూను, చిన్న స్టీలు గిన్నె, అది పట్టేంత ఇంకో గిన్నెలో వేడినీళ్ళు, పెద్ద పళ్ళ దువ్వెన, పాత నూలు బట్ట (మెత్తబడిన పంచె ముక్క అయితే శ్రేష్టం), షాంపూ లేదా కుంకుడు రసం. మామూలు కండిషనర్ చిన్న ప్యాకెట్ ఒకటి ఉంటే ఇంకా సులువు, ఎందుకో కింద చెప్తా.

రాసే పద్ధతి

1. కొత్త నూనె అయితే ముందు చర్మం మీద పరీక్ష. మోచేతి లోపలి మడతలో రెండు చుక్కలు రాసి ఒక రోజు చూడండి. ఎర్రబడినా దురద పెట్టినా ఆ నూనె మీకు పడదు. రేపు సిరిమాను పండగ, ఇంటినిండా చుట్టాలు అనగా ఈరోజు కొత్త నూనె ప్రయోగం పెట్టుకోకండి.

2. పొడి జుట్టుని ముందు చిక్కు తీయండి. చివర్ల నుంచి మొదలెట్టి పైకి రావాలి. చిక్కు మీద నూనె పోస్తే అది ఇంకా బిగుసుకుంటుంది, తర్వాత లాగితే తెగేది వెంట్రుకే.

3. నూనె గోరువెచ్చగా చేసుకోండి. స్టౌ మీద నేరుగా పెట్టొద్దు, వేడినీళ్ళ గిన్నెలో నూనె గిన్నె పెడితే రెండు నిమిషాల్లో చాలు. కొబ్బరి నూనె 24 డిగ్రీల దగ్గర గడ్డకట్టడం మొదలవుతుంది, పుష్యమాసం చలిలో, భోగి తెల్లారగట్ల తలంట్లప్పుడు సీసాలోంచి రాదు, అప్పుడు సీసానే వేడినీళ్ళలో నిలబెట్టండి. మణికట్టు మీద ఒక చుక్క వేసుకుని చూశాకే తలమీదకి. పిల్లలకైతే ఇది మర్చిపోకండి.

4. కొలుచుకోండి. మెడ దాకా జుట్టుకి ఒక టీస్పూను, భుజాలు దాటితే రెండు, నడుం దాకా ఒత్తైన జడ అయితే మూడు. "అంతేనా?" అంటారు, అంతే. వెంట్రుక పీల్చుకునేది కొంచెమే, మిగతాదంతా దిండు గలీబుకి, నుదుటి మీద మొటిమలకి.

5. అరచేతుల్లో రుద్దుకుని ముందు చివర్లకి పట్టించండి. అక్కణ్ణించి చెవుల ఎత్తు దాకా పైకి రండి. జుట్టు ఒత్తుగా ఉంటే నాలుగు పాయలు చేసుకుని ఒక్కోదానికి విడిగా, లేకపోతే పైన జిడ్డు, లోపల ఎండు.

6. చేతికి మిగిలింది మాత్రమే మాడుకి. వేళ్ళ కొసలతో నెమ్మదిగా అయిదు నిమిషాలు, గోళ్ళతో కాదు. మంగలి షాపులో తల మీద దరువేసినట్టు రుద్దితే హాయిగానే ఉంటుంది గానీ పొడుగు జుట్టుకి అది మంచిది కాదు, చిక్కుపడి తెగుతుంది. మాడు పొడిబారి చిటపటలాడేవాళ్ళు ఇంకో అర చెంచా వేసుకోవచ్చు, చుండ్రు ఉన్నవాళ్ళు మాడుకి అసలు వద్దు.

7. వదులుగా జడ వేసేసి ఉంచండి. ఎంతసేపంటే కనీసం అరగంట, గంటా రెండు గంటలైతే బాగా సరిపోతుంది. కొబ్బరి నూనె అయితే రాత్రంతా ఉంచినా నష్టం లేదు, దిండు మీద పాత బట్ట వేసుకోండి. కానీ వైశాఖ మాసం ఉక్కలో, భీమిలి గాలి తగిలే భోగాపురం నుంచి బారువ దాకా సముద్రం పక్క ఊళ్ళల్లో రాత్రంతా అంటే చెమటా నూనె కలిసి దురద తప్ప ఇంకేం ఉండదు, అక్కడివాళ్ళు గంటతో ఆపేయండి.

వారానికి ఒకటి రెండుసార్లు, తలస్నానం ఉన్న రోజే. రోజూ రాసి జడేసుకుని స్కూలుకో పొలానికో వెళ్ళే అలవాటు ఉన్నవాళ్ళు మానక్కర్లేదు గానీ అర చెంచాకి తగ్గించండి. హైవే మీద బండి నడిపేవాళ్ళు నూనె తల మీద హెల్మెట్ పెట్టుకుంటే ధూళి, చెమట, నూనె మూడూ కలిసి మట్టిపొర తయారవుతుంది, సాయంత్రం ఇంటికొచ్చాకే రాస్కోండి.

వదిలించే పద్ధతి

ఇక్కడే సగంమంది చెడగొట్టుకుంటున్నారు. రాయడం చిన్నపిల్లలకి కూడా వచ్చు, వదిలించడమే పని.

8. మామూలుగా అందరూ ముందు తల తడిపేసి తర్వాత షాంపూ పెడతారు. నూనె ఎక్కువైన రోజు అలా చేస్తే నీళ్ళు నూనె మీద జారిపోతాయి, షాంపూ నురగ రాదు, దాంతో ఇంకా ఇంకా పోస్తారు. అలా కాకుండా, నూనె జుట్టుకే కొంచెం తడిచేత్తో కండిషనర్ పట్టించి మూడు నిమిషాలు ఆగండి. కండిషనర్ నూనెని విడగొట్టి నీళ్ళలో కలిసిపోయేలా చేస్తుంది. తర్వాత కడిగేసి షాంపూ ఒక్కసారి పెడితే చాలు. కండిషనర్ లేకపోతే షాంపూని చిన్న మగ్గులో కాసిని నీళ్ళతో పల్చన చేసి వాడండి, చిక్కటిది నేరుగా ఒకేచోట కుమ్మరించకండి.

9. షాంపూ మాడుకి రుద్దండి, చివర్లకి కాదు. కడిగేటప్పుడు కిందకి జారే నురగే చివర్లకి సరిపోతుంది. జడని బట్ట ఉతికినట్టు నెత్తిమీద కుప్పేసి రుద్దకండి.

10. నీళ్ళు గోరువెచ్చగా చాలు. మరీ వేడినీళ్ళు పోస్తే నూనె పోతుంది, దాంతోపాటు మాడు కూడా పొడిబారిపోతుంది.

11. కుంకుడుకాయ వాడేవాళ్ళకి: ఎనిమిది పది కాయలు గింజ తీసి రాత్రి నానబెట్టి, పొద్దున్న కాసేపు మరిగించి పిసికి వడకట్టండి. మన బోరు నీళ్ళు చాలాచోట్ల ఉప్పగా ఉంటాయి, ఒంటి సబ్బుతో తల రుద్దితే ఆ నీళ్ళలో సబ్బు విరిగిపోయి జుట్టుకి తెల్లటి జిగురులా పడుతుంది, దాన్నే చాలామంది "నూనె పోలేదు" అనుకుని మళ్ళీ సబ్బే పెడతారు. కుంకుడు రసం, షాంపూ ఈ నీళ్ళలో కూడా పనిచేస్తాయి. కుంకుడు కళ్ళలో పడితే తెలుసు కదా. పైగా మరీ చిక్కగా వాడితే జుట్టు గడ్డిలా అవుద్ది, పల్చగా చేసి రెండు విడతలు వాడండి. శనగపిండి, పెసరపిండి చిన్న జుట్టుకి ఓకే, పొడుగు జుట్టులో పిండి చిక్కుకుని పండగంతా దులుపుకోవాల్సిందే.

12. తువ్వాలుతో రుద్దొద్దు, మెలిపెట్టి పిండొద్దు. పాత నూలు బట్టతో అదిమి నీరు తీసి, అలా వదిలేయండి. తడి తగ్గి చెమ్మగా ఉన్నప్పుడు రెండే రెండు చుక్కల నూనె అరచేతులకి రాసుకుని చివర్లకి తడిమితే రోజంతా చెదరకుండా ఉంటుంది. ఇది రాసిన రోజు ఇస్త్రీ మిషన్‌లాంటి స్ట్రెయిటెనర్ పెట్టకండి, నూనె కాగి వెంట్రుక మాడుతుంది.

ఆకు నూనె కాచుకోవాలనుకుంటే

గుంటగలగరాకు, కరివేపాకు వేసి కాచిన నూనె మన ఇళ్ళల్లో పాత అలవాటు. దీనివల్ల జుట్టు నల్లబడిపోతుందని నేను చెప్పను, కమ్మటి వాసనా, ఇంట్లో చేసుకున్న తృప్తీ ఉంటాయి, నూనె పని నూనె చేస్తుంది. చేస్తే మాత్రం సరిగ్గా చెయ్యండి, ఎందుకంటే తడి ఉండిపోయిన ఆకు నూనె పది రోజుల్లో బూజు పడుతుంది.

అర లీటరు నూనెకి రెండు గుప్పిళ్ళ ఆకు. గుంటగలగర వరి గట్ల మీద, కాలవ పక్కన విరివిగా ఉంటుంది, తెల్లటి చిన్న పువ్వు, కాడ నలిపితే కాసేపటికి రసం నల్లబడుతుంది, అదే గుర్తు. పసుపు పువ్వుది వేరే మొక్క. మందు కొట్టిన చేను గట్టు మీద కోయకండి, రైతుని అడిగి కోసుకోండి.

ఆకు కడిగి నీడన బట్ట మీద పరిచి ఒక రాత్రి ఆరనివ్వండి. నీళ్ళు పోయకుండా కచ్చాపచ్చాగా దంచండి. మందపాటి మూకుడులో చల్లటి నూనె, ఆకు కలిపే పొయ్యి మీద పెట్టండి, కాగిన నూనెలో తడి ఆకు వేస్తే ఎగిరి మొహం మీద పడుతుంది. మూకుడు సగానికి మించి నిండకూడదు. సన్నటి సెగ, మధ్యలో తిప్పుతూ ఉండాలి, ఫోన్ వచ్చినా కదలొద్దు. ముందు బుడగలూ చిటపటలూ వస్తాయి, అది ఆకులో నీరు. ఆ శబ్దం ఆగిపోయి, గరిటెతో తీసిన ఆకు వేళ్ళ మధ్య కరకరలాడితే ఆపేయండి. ఆకు ముదురు ఆకుపచ్చగా ఉండాలి, నల్లగా మాడిందంటే నూనె కూడా మాడింది. పొగ రాకూడదు. ఒకవేళ మంట అంటుకుంటే స్టౌ ఆపి మూత పెట్టండి, నీళ్ళు మాత్రం చల్లకండి.

పూర్తిగా చల్లారాక పొడి బట్టలో వడకట్టండి. సరిగ్గా కాగిందో లేదో చూడాలంటే ఒక దూది వత్తి ఆ నూనెలో ముంచి వెలిగించండి. చప్పుడు లేకుండా వెలిగితే తడి లేనట్టు, చిటచిటలాడితే మళ్ళీ సన్నసెగ మీద కాసేపు పెట్టండి. పొడి గాజు సీసాలో, ఎండ తగలని చోట. రెండు మూడు నెలలకి సరిపడా చేసుకోండి, ఏడాదికి కాదు. కనరు వాసన వచ్చినా, అడుగున నీటిపొర కనబడినా పారబోసేయండి, "పాపం ఇంత నూనె" అని తలకి పెట్టకండి. తడి చెంచా ముంచడం, వేళ్ళు ముంచడం వల్లే ఎక్కువ సీసాలు పాడవుతాయి.

మందార ఆకు, మెంతులు మాత్రం నూనెలో కాచి ప్రయోజనం లేదు. వాటిలో జుట్టుకి పనికొచ్చేది జిగురు, అది నీళ్ళలోనే దిగుతుంది. మెంతులు నానబెట్టి రుబ్బి, లేదా మందార ఆకు నీళ్ళతో పిసికి ఆ జిగురు తలస్నానానికి ముందు అరగంట పట్టించుకోండి, వేరేగా చాలా బాగుంటుంది. నూనె ఆకుపచ్చగా మారిందంటే ఆకులో రంగు దిగింది అని, అంతకుమించి ఏం కాదు. గోరింటాకు పెట్టుకునేవాళ్ళు ముందు నూనె రాయకండి, రంగు సరిగ్గా పట్టదు, గోరింటాకు కడిగిన మర్నాడు నూనె.

ఇంట్లోనే కొబ్బరి నూనె తీసుకోవాలనుకుంటే, కవిటి, సోంపేట, మందస వైపు చుట్టాలున్నవాళ్ళకి కొబ్బరికాయలకి లోటుండదు (2018 అక్టోబర్‌లో తిత్లీ తుఫాను వచ్చి ఆ ఉద్దానం ప్రాంతపు కొబ్బరి చెట్లు పడుకోబెట్టాక అక్కడివాళ్ళు కూడా కాయ కొనుక్కున్న రోజులున్నాయి, అది వేరే కథ). ముదురు కాయలు కోరి గోరువెచ్చటి నీళ్ళతో మిక్సీ పట్టి, పాలు పిండి, ఫ్రిజ్‌లో ఒక రాత్రి ఉంచితే పైన మీగడ గట్టిగా తేలుతుంది. అది ఒక్కటే తీసి సన్నసెగ మీద కాచితే నూనె విడిపోయి అడుగున కోవాలాంటిది మిగులుతుంది, అది లేత గోధుమరంగుకి రాగానే దించేయండి. కాయలకి తగ్గ నూనె రాలేదని దిగులుపడకండి, రాదు. ఆ కోవాలో బెల్లం కలిపి పిల్లలకి పెట్టేయండి.

ఎక్కడ తప్పు జరుగుతోంది

చుండ్రు తగ్గాలని నూనె రాయడం అన్నిటికన్నా పెద్ద పొరపాటు. చుండ్రు వెనక ఉండే ఈస్ట్ అనే సూక్ష్మజీవి మాడు మీది కొవ్వు తినే బతుకుతుంది, నూనె పోస్తే దానికి భోజనం పెట్టినట్టే. రాయగానే పొట్టు అణిగిపోయి తగ్గినట్టు కనబడుతుంది, రెండు రోజులకి మళ్ళీ మొదలు. చుండ్రుకి కీటోకోనజోల్ ఉన్న షాంపూ మందుల షాపులో దొరుకుతుంది, డాక్టర్ని అడిగి వాడండి, నూనె చివర్లకి మాత్రం ఉంచుకోండి.

హారతి కర్పూరం నూనెలో కరిగించి పిల్లల తలకి రాయడం ఇంకోటి. కర్పూరం చిన్నపిల్లలకి ప్రమాదం, ఒంట్లోకి వెళ్తే ఫిట్స్ వస్తాయి. పేలకో చుండ్రుకో ఎవరు చెప్పినా సరే, వద్దు.

పేలకి నూనె రాసి పేలదువ్వెనతో దువ్వితే పేలు జారి బయటకొస్తాయి, అంతవరకు ఉపయోగమే. ఈపులు (పేల గుడ్లు) మాత్రం నూనెకి చావవు, వెంట్రుకకి అంటుకునే ఉంటాయి, అందుకే రెండు మూడు వారాల పాటు మళ్ళీ మళ్ళీ దువ్వాలి, ఇంట్లో అందరికీ ఒకేసారి.

చివర్లు చీలిపోతే నూనె అతికించదు. ఒక అంగుళం కత్తిరించేసి, మిగతాది చీలకుండా నూనెతో కాపాడుకోవడమే. గ్లాసు నీళ్ళలో వెంట్రుక వేసి తేలుతుందా మునుగుతుందా చూసి నూనె ఎంచుకోమనే వీడియోలు వస్తున్నాయి, వెంట్రుకకి జిడ్డున్నా గాలిబుడగ పట్టుకున్నా ఫలితం మారిపోతుంది, దాన్ని నమ్మక్కర్లేదు.

పనిచేస్తోందో లేదో చూడడం

కడిగి పూర్తిగా ఆరాక ఒక పాయని పాత న్యూస్‌పేపర్ మధ్య పెట్టి అదమండి. నూనె మరక పడితే నూనె ఎక్కువైంది లేదా సరిగ్గా వదల్లేదు, వచ్చేసారి నూనె తగ్గించండి, షాంపూ పెంచకండి. మరక లేదు, కానీ వేళ్ళతో జారవిడిస్తే గరగరలాడుతోంది అంటే షాంపూ ఎక్కువైంది, లేదా ఆ రెండు చుక్కలు చివర్లకి తడమలేదు.

దువ్వెనలో వచ్చిన జుట్టుని పారేసే ముందు వెలుతుర్లో చూడండి. పొడుగ్గా ఉండి ఒక చివర తెల్లటి చిన్న బుడిపె ఉంటే అది కుదురు నుంచి దానంతటది రాలింది, రోజుకి 50 నుంచి 100 దాకా రాలడం అందరికీ ఉండేదే. బుడిపె లేని పొట్టి ముక్కలు ఎక్కువుంటే అది తెగడం. నూనె తగ్గించేది ఈ రెండోదాన్నే. నెలా నెలన్నర పద్ధతిగా రాశాక పొట్టి ముక్కలు తగ్గితే మీ నూనె పనిచేస్తున్నట్టు. ఇంకా నమ్మకం కావాలంటే రెండు జడలు వేసుకునే ఆడపిల్లలకి ఒక పక్కే నూనె రాసి నెల చూడండి, గుంటలు నవ్వుకుంటారు గానీ తేడా చేతికి తెలుస్తుంది.

నుదుటి మీద, చెవుల వెనక చిన్న చిన్న మొటిమలు మొదలైతే నూనె అక్కడిదాకా కారుతోందని అర్థం. జుట్టు మొదలుకి రెండు వేళ్ళ దూరం వదిలి రాయండి, పడుకునే ముందు నుదురు కడుక్కోండి.

నూనె సీసా పక్కన పెట్టి చర్మ డాక్టర్ దగ్గరికి వెళ్ళాల్సినవి కొన్ని ఉన్నాయి. రూపాయి బిళ్ళంత గుండ్రంగా జుట్టు ఊడిపోవడం, అంటే పేనుకొరుకుడు. మాడు మీద చీము, పుండ్లు, పిల్లల్లో పొలుసులతో మచ్చలు. ముందు వైపు పాపిడి నెలనెలా వెడల్పవడం. కాన్పు అయ్యాకో, టైఫాయిడ్, డెంగీ లాంటి పెద్ద జ్వరం తర్వాతో రెండు మూడు నెలలకి గుప్పెళ్ళుగా రాలడం మాత్రం చూసి హడలిపోకండి, చాలామందికి ఆరు నెలల్లోపు దానంతటదే సర్దుకుంటుంది, సర్దుకోకపోతే రక్తహీనత, థైరాయిడ్ పరీక్షలు చేయించుకోండి. ఆ రాలే రోజుల్లో నూనె మర్దనా చేస్తే చేతినిండా జుట్టు వస్తుంది, అది నూనె వల్ల ఊడింది కాదు, ఎలాగూ రాలబోయేది. అయినా చూసి బెంగ ఎందుకు, ఆ కొన్నాళ్ళు మాడు వదిలేసి చివర్లకే రాయండి.